నాలుగో టేకు

మార్చి 6, గురువారం. అరకు, లాడ్జి

రేపటి సీను కాగితం ఇచ్చారు. "నాయిక చెట్టెక్కి మామిడికాయ కోసి, పచ్చిది కొరుక్కుంటూ, కింద నిలబడ్డ హీరోని చూసి నవ్వుతుంది."

చదివి నాకే నవ్వొచ్చింది. ఈ సినిమాలో నేను కొండపిల్లని. మార్చి నెలలో ఏ కొండపిల్ల మామిడికాయ కొరుకుతుంది? మాకు మామిడి కొత్త పండుగ ఇంకా కాలేదు. పండుగ రోజేదో ఊళ్లో చెప్పేది గాసి మామ, అమ్మ తమ్ముడు. ఆయన ఇంకా చెప్పనే లేదు. ఆ రోజు దేవతకు కాయ పెట్టాక గాని ఊళ్లో ఒక్కరి నోట్లోనూ కాయ పడదు. చిన్నప్పుడు రాలిన పిందె ఎత్తి వాసన చూసినందుకే అమ్మ చేతిమీద ఒక్కటిచ్చింది.

రాసినాయన హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని రాశాడు, పాపం ఆయనకేం తెలుసు. రేపు డైరెక్టర్ గారికి చెప్పేస్తాను. జామకాయ పెట్టుకుందాం సార్ అంటాను. చిన్న సంగతే.

మార్చి 7, శుక్రవారం

చెప్పలేదు.

చెప్పబోయాను. డైరెక్టర్ లక్ష్మీప్రసాద్ గారు మానిటర్ దగ్గర లైటు పోతోందని అరుస్తున్నారు. "వెన్నెలా, రెడీయా?" అన్నారు. వెన్నెల ఆయన నాకు పెట్టిన పేరు. కనక అని పోస్టర్ మీద బాగుండదట. "ఓకే సార్" అన్నాను.

ఈ 'ఓకే సార్' నాకు మూడేళ్లుగా నోట్లో ఊరిపోయింది. అడిగేలోపే వచ్చేస్తుంది.

ఏడు టేకులు. చెట్టు చాటున అసిస్టెంట్ డైరెక్టర్ హేమలత నీలం బకెట్ పెట్టింది. కొరకడం, నవ్వడం, కట్ అనగానే ఉమ్మేయడం. ఆవిడది విజయనగరం వైపు ఊరు, మంచి మనిషి. "పుల్లగుంటే సెప్పు, పంచదార రాయిత్తాను" అంది. పళ్లు పులిశాయని చెప్పాను.

మింగలేదు. అన్నీ ఉమ్మేశాను. కొరకడం వేరు, తినడం వేరు.

మార్చి 8, శనివారం

మింగలేదు. బకెట్టే సాక్ష్యం.

మార్చి 11, మంగళవారం

వాన. షూటింగ్ లేదు. వ్యాన్‌లో కూర్చుని అద్దం మీద నీళ్లు జారుతుంటే చూస్తున్నాను. లాడ్జి నుంచి మా తోటగరువు జీపులో పద్నాలుగు కిలోమీటర్లు, ఆపైన నడక. ఇంత దగ్గర్లో పదిహేను రోజులుగా ఉన్నాను, ఒక్కసారి వెళ్లలేదు. టైం దొరకలేదు. ఈ రోజు దొరికింది గాని వానగా ఉంది.

నిన్న ఒక పేపరాయన అడిగాడు, "మీరు నటి కావాలని ఎప్పుడు అనుకున్నారు?" అని. ఏదో చెప్పాను. అసలు సంగతి ఇక్కడ రాసుకుంటాను.

ఆరో తరగతిలో నాన్న జ్వరంతో పోయాడు. అమ్మ కాఫీ తోటల్లో పండు ఏరి, శుక్రవారం సంతలో పసుపు, అడ్డాకులు అమ్మి నన్ను ఆశ్రమ పాఠశాలలో ఉంచింది. అక్కడ వార్షికోత్సవం నాటకంలో సర్పంచ్ వేషం ఎవరూ వెయ్యనన్నారు. మీసం పెట్టుకోవాలని సిగ్గు. నేను వేశాను. మీసం ఒకవైపు ఊడి వేలాడుతుంటే, దాన్నలాగే పట్టుకుని, "నా మీసమే నా మాట వినదు, మీరేటి వింటారు" అన్నాను. కాగితంలో లేని మాట. హాలంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వు ఇంకోసారి కావాలనిపించింది. అంతే. అంతకుమించి ఆశయాలేమీ లేవు.

తర్వాత రిసార్టులో టూరిస్టుల ముందు థింసా ఆడాను. నా కుడిపక్క రత్నాలు ఉండేది, మా ఊరిదే, నాకన్నా రెండేళ్లు పెద్దది. వెనక నుంచి ఒకరి నడుం ఒకరం పట్టుకుని వరసగా తిరుగుతాం గదా, రత్నాలు చెయ్యి ఉడుంపట్టే. ఒకరోజు సినిమావాళ్లొచ్చి ఇరవైమంది అడవిపిల్లలు కావాలన్నారు. వెళ్లాం. ఆకులు కట్టారు, నెత్తిన ఈకలు గుచ్చారు, మొహాలకు నల్లరంగు పూశారు. మా నలుపు వాళ్లకు చాలలేదట. మూడో వరసలో నిలబెట్టారు. సినిమా రిలీజయ్యాక విశాఖ వెళ్లి చూస్తే నాది మోచేయి మాత్రమే ఉంది. ఆ మోచేయి నాదేనని అమ్మకు ఫోన్‌లో చూపించాను. "బాగుందే" అంది అమ్మ.

రత్నాలు "ఛీ, ఈకల పని" అని వదిలేసింది. నేను మాత్రం మూడో వరస నుంచి మొదటి వరసకు వస్తానని ఆ రోజే అనుకున్నాను. హైదరాబాదు వెళ్లాను. అమ్మగారూ కాఫీ అనే పనిమనిషి వేషాలు ఆరు. నర్సు మూడు. శవం రెండు. ఎవరేం చెప్పినా కాదనకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. కాదన్న పిల్లని మళ్లీ పిలవరు, అది కళ్లారా చూశాను. అలా 'ఓకే సార్' అంటూ అంటూ ఇక్కడి దాకా వచ్చాను.

లక్ష్మీప్రసాద్ గారు ఆడిషన్‌లో నాలుగు పేజీల సీను ఇచ్చారు. కొండపిల్ల హీరోని నిలబెట్టి కడిగేసే సీను. సగంలో ఆయన లేచి నిలబడ్డారు. ఆ సీను వల్లే నాకీ సినిమా వచ్చింది. అది ఇంకా తియ్యలేదు. ఆ నాలుగు పేజీలు రోజూ పొద్దున్న పళ్లు తోముకుంటూ అప్పజెప్పుకుంటాను. అది తెర మీద పడితే ఇంక నన్ను ఎవరూ మూడో వరసలో నిలబెట్టలేరు.

మార్చి 19, బుధవారం

వడగళ్లు. గోలీకాయలంత. లాడ్జి రేకులు పగులుతాయనుకున్నాను. అమ్మకు ఫోన్ చేస్తే కలవలేదు.

మార్చి 20, గురువారం

అమ్మ ఫోన్ కలిసింది. కాఫీ పువ్వంతా నేలమీదే ఉందట. మామిడి పిందెలు చాలా రాలాయట. "పిల్లలు ఏరుకున్నారా?" అని అడిగాను.

"ఎవులూ ముట్టనేదు. కొత్త అవ్వనేదు గదే" అంది అమ్మ.

మార్చి 22, శనివారం

టీజర్ వదిలారు. నలభై సెకన్లలో పదకొండు సెకన్లు నేనే. చెట్టు మీద కాళ్లూపుకుంటూ కాయ కొరికి నవ్వడం. సాయంత్రానికే లక్షలమంది చూశారు. హేమలత నన్ను ఎత్తి గిరగిరా తిప్పేసింది. హైదరాబాదు హాస్టల్ పిల్లలు, రిసార్టు మేనేజరు, ఆశ్రమ పాఠశాల టీచరు, అందరూ ఫోన్ చేశారు.

గాసి మామ చెయ్యలేదు. ఆయనకు ఫోన్లంటే పడదు లెండి. ఎవరితో అంటున్నాను లెండి అని?

మార్చి 23, ఆదివారం

అమ్మ ఫోన్. ఊళ్లో బడి దగ్గర మాత్రమే సిగ్నల్. అక్కడ నిలబడి మాట్లాడింది.

"కనకా, ఏటే అది? కొత్త అవ్వకుండా కాయ తిన్నావట. వీడియో తెచ్చి నాకు సూపించారు."

"తినలేదమ్మా. ఊరికే కొరికి ఉమ్మేశాను. సినిమాలో అన్నీ అలాగే."

"మింగనేదు గదా?"

"మింగలేదు."

అమ్మ ఊపిరి వదలడం వినిపించింది. "అదే సెప్పేత్తాను. వడగళ్లు నీ వల్లే పడ్డాయని అంటన్నారు. నా గుంట అలాటి పని సెయ్యదని నాను ముందే సెప్పినాను. బేగి ఓపాలి వొచ్చి పో."

వస్తానన్నాను.

మార్చి 26, బుధవారం

ఊరి గొడవ హేమలత ద్వారా డైరెక్టర్ గారి చెవిన పడింది. పిలిచి కూర్చోబెట్టారు. "ఇంత చిన్నదానికి దిగులెందుకు? అది దోసకాయ, ఆకుపచ్చ రంగు వేశాం అని పోస్ట్ పెట్టేద్దాం. మీవాళ్లు హ్యాపీ, మనమూ హ్యాపీ." ఆయన మనసు మంచిదే. నా మంచికే అన్నారు.

ఓకే సార్ అనలేదు. "రేపు చెప్తాను సార్" అన్నాను. దోసకాయ అని చెప్తే మాత్రం పోయేదేముంది? ఎలాగూ మింగలేదు గదా.

మార్చి 30, ఆదివారం. ఉగాది

లొకేషన్‌లో ప్రొడక్షన్ వాళ్లు ఉగాది పచ్చడి పంచారు. చిన్న చిన్న ఆకు దొన్నెల్లో, కొత్త మామిడికాయ ముక్కలతో. అందరూ తాగారు. కింద ఊళ్లవాళ్లకు ఇవాళే కొత్త. మాకు కాదు.

నేను దొన్నె పుచ్చుకుని పక్కన పెట్టేశాను.

హేమలత చూసింది. "ఏటిది? ఏడు కాయలు కొరికినదానివి, ఈ సెంచాడు పచ్చడికి బయపడతన్నావా?"

"అవి ఉమ్మేశాను గదా."

"నాలుగోది ఉమ్మలేదుగా. డైలాగు దాంతోనే ఓకే అయింది." ఆవిడ మామూలుగానే అంది, ఏ టేకులో ఏం జరిగిందో రాసుకునే కంటిన్యుటీ పుస్తకం చూసుకుంటూ. తర్వాత ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

తలనొప్పి. పడుకుంటాను.

ఏప్రిల్ 3, గురువారం

రత్నాలు ఫోన్ చేసింది. మూడేళ్ల తర్వాత.

"గాసి మామ కొత్త రోజు సెప్పేసినాడు. వొచ్చే గురువారం. మీ యమ్మ ఆ రోజు ఒట్టేత్తాదట, తెలుసా?"

"ఏం ఒట్టు?"

"అందరి ముందు, దేవత రాయి మీద సెయ్యేసి, నా గుంట మింగనేదు అని. గాసి మామ కాదు, మా మామే అడిగినాడు. కాఫీ పోయిన కోపం మరి. నువ్వు ఒట్టేత్తావా సోములమ్మా అంటే, యేత్తాను, ఎందుకెయ్యను అంది. ఎంత ధైర్యంగా అందనుకున్నావు." మళ్లీ తనే, "నువ్వు నిజంగా మింగనేదు గదే?" అంది.

"మింగలేదు."

"అయితే మంచిదే."

ఏప్రిల్ 4, శుక్రవారం

మింగాను.

నాలుగో టేకు. కాయ కొరికాక వెంటనే "కిందికి రాను, నువ్వే పైకి రా" అనాలి. నోట్లో ముక్క పెట్టుకుని ఆ మాట రావడం లేదు. మూడుసార్లు నత్తినత్తిగా వచ్చింది. లైటు పోతోంది. డైరెక్టర్ గారు తల పట్టుకున్నారు. నాలుగోసారి మింగేసి చెప్పాను. ఎంత బాగా వచ్చిందో. అదే టీజర్లో పెట్టారు. తర్వాత మూడు టేకులు ఊరికే తీశారు, వాటినీ ఉమ్మాను. మిగతా ఆరింటి పేరు చెప్పుకుని ఇన్నాళ్లూ గడిపేశాను.

నేను మింగినందుకు వడగళ్లు పడ్డాయా? నేను డిగ్రీ చదివాను, పడవని తెలుసు. తెలిసినా సరే, ఆ రోజు రేకుల మీద చప్పుడు వింటుంటే ఆ ముక్కే గుర్తొచ్చింది. అది కూడా నిజమే.

కానీ ఒట్టు సంగతి వేరు. పొలం గట్టు కోసం అబద్ధపు ఒట్టేసిన పెద్దాయనకు ఆ ఏడే కాలూ చెయ్యీ పడిపోయింది. బీపీ అన్నాడు డాక్టరు. ఊరు ఇంకోలా అంది. అది అలా ఉంచు. అమ్మ ఒట్టు వేసేది నన్ను నమ్మి. జీవితంలో ఒక్కరోజు కూడా దేవత ముందు అబద్ధం ఆడని మనిషి, నా మూలంగా ఆడుతుంది. తను ఆడినట్టు తనకు తెలియను కూడా తెలియదు. నేను బతికున్నంతకాలం నాకు తెలుస్తుంది.

గురువారం లోపు అమ్మకు చెప్పాలి.

ఏప్రిల్ 5, శనివారం

ఫోన్ చేశాను. "ఏం కూర వండావు?" అని అడిగి పెట్టేశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

మళ్లీ చేశాను. "అమ్మా, ఆ కాయ సంగతి" అన్నాను. "నువ్వేటీ సెప్పొద్దు. నాకు తెల్దా నా గుంట సంగతి?" అంది. పక్కన ఎవరికో వినబడాలని గట్టిగా అంది. సరేనని పెట్టేశాను.

ఫోన్‌లో అయ్యే పని కాదు. మనిషి ఎదురుగా నిలబడి చెప్పాల్సిందే.

ఏప్రిల్ 7, సోమవారం

షెడ్యూల్ కాగితం అంటించారు. గురువారం, ఉదయం ఏడు గంటలు, నాలుగు పేజీల సీను. హీరోకి ఆ ఒక్కరోజే డేటు ఉంది, శుక్రవారం ఆయన విమానం.

కాగితం ముందు నిలబడి గురువారం అనే అక్షరాలు ఎన్నిసార్లు చదివానో.

ఏప్రిల్ 8, మంగళవారం

డైరెక్టర్ గారిని అడిగాను. అంతా చెప్పాను, మింగడం సహా, దోసకాయ అని పోస్ట్ పెడితే అది అబద్ధం అవుతుందని కూడా. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"బుధవారం సాయంత్రం వెళ్లి చెప్పి రా."

"బుధవారం సాయంత్రం దాకా వాగు దగ్గర షూటింగ్ ఉంది సార్. చీకటి పడితే మా ఊరికి జీపు రాదు."

"హీరో డేటు ఒక్కరోజు. నువ్వు లేకపోతే ఆ సీను తీసేయడం తప్ప నాకు దారి లేదు. నీకు తెలుసా ఆ సీను ఏంటో?"

"తెలుసు సార్. దానివల్లే నేను ఇక్కడున్నాను."

"మరి?"

ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాట అన్నాను. "కుదరదు సార్. గురువారం నేను రాలేను."

ఆయన స్క్రిప్టు మూసేశారు. "ఆలోచించుకో" అని వెళ్లిపోయారు. నాకు ఆలోచించుకోవాల్సింది ఏమీ కనబడలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

వాగు సీను అయింది. డైరెక్టర్ గారు పనిమాటలు తప్ప ఏమీ మాట్లాడలేదు. పొద్దున్న పళ్లు తోముకుంటూ అలవాటుగా ఆ నాలుగు పేజీలు మొత్తం అప్పజెప్పుకున్నాను. ఒక్క మాట కూడా తప్పు పోలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 10, గురువారం. తోటగరువు

తెల్లవారే జీపెక్కాను. దిగి మూడు కిలోమీటర్లు నడిచాను, సగం పరుగే. నేను వెళ్లేసరికి ఊరంతా దేవత రాయి దగ్గర ఉంది. రాయికి పసుపు పూసి ముందు కొత్త కాయలు పోశారు. అమ్మ స్నానం చేసి తడిజుట్టుతో, కొత్త చీరలో నిలబడి ఉంది. ఆ చీర నా మొదటి సినిమా డబ్బుతో కొన్నది. గాసి మామ తన సొంత అక్క చేతిలో కాయ పెడుతున్నాడు, ఒట్టుకి.

"అమ్మా, ఆగు" అన్నాను.

అందరూ తిరిగారు. అమ్మ మొహం వెలిగిపోయింది, నేను తనకు తోడుగా వచ్చాననుకుని. ఆ వెలుగు చూశాక చెప్పడం ఇంకా కష్టమైంది.  దగ్గరకు వెళ్లి అమ్మ చేతిలో కాయ తీసి కింద పెట్టాను.

"మింగానమ్మా."

"ఏటి?"

"ఉమ్మేశానని చెప్పింది అబద్ధం. మింగాను. నువ్వు ఒట్టెయ్యకు."

  అమ్మ నా వైపు కాదు, కింద పెట్టిన కాయ వైపు చూస్తోంది.

గాసి మామ అడిగాడు, "ఎన్ని మింగినావు?"

"ఒక్క ముక్క. నాలుగో టేకులో."

"టేకంటే ఏటి?"

చెప్పాను. చేసిందే మళ్లీ మళ్లీ చెయ్యడం, బాగా వచ్చేదాకా. ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పిచ్చి పని" అన్నారెవరో వెనక నుంచి. రత్నాలు మామ ముందుకొచ్చి, కాఫీ పోయింది, దీనికి శిక్ష ఏంటి, తల్లి కూడా ఇన్నాళ్లూ బుకాయించింది గదా అని గట్టిగా అడిగాడు. "మా అమ్మకు తెలియదు, చేసింది నేను, చెప్పాల్సింది కూడా నేనే" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. సెట్లో ఎప్పుడూ అలా రాలేదు.

గాసి మామ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. చిన్నప్పుడు నన్ను భుజాన మోసిన మనిషి. చివరికి అన్నాడు, "ఊరికన్నా ముందు తిన్నాది. ఊరితో కలిసి తినదు. మళ్లీ కొత్త దాకా ఈ గుంట మామిడి ముట్టదు. ఇయాల వరసలో ఆడదు, నీళ్లు మోత్తాది."

"సరే మామా" అన్నాను.

రోజంతా నీళ్లు మోశాను. ఊటబావి నుంచి పదకొండు బిందెలు. ఆడవాళ్లు వరస కట్టి థింసా ఆడుతుంటే గట్టు మీద నిలబడి చూశాను. రత్నాలు పక్కన నా చోటు ఖాళీగా వదల్లేదు, వేరే పిల్ల పట్టుకుంది. పదకొండో బిందె ముంచుతుంటే వచ్చిన రత్నాలుకు పెద్ద సీను వదిలేసి వచ్చానని చెప్పాను. తను బిందె నా నెత్తికెత్తింది. "నిజం సెప్పడానికి సినిమా వొదులుకున్నావటే, ఎర్రి గుంటా" అంది. అందులో మెచ్చుకోలు ఎంతో, వెక్కిరింత ఎంతో తెలియలేదు.

అమ్మ నాతో మాట్లాడలేదు. ఒక్క మాట కూడా. సాయంత్రం జీపుకి బయల్దేరుతుంటే గుమ్మంలోకి కూడా రాలేదు. పొయ్యి దగ్గర వీపు తిప్పుకుని కూర్చుంది. నేను తప్పు చేసినందుకు కాదు, నాకు తెలుసు. అమ్మ ఊరందరి ముందు "నా గుంట అలాటిది కాదు" అని నిలబడ్డందుకు.

ఏప్రిల్ 11, శుక్రవారం

సీను తీసేశారు. హీరో విమానం ఎక్కేశాడు. హేమలత వచ్చి చెప్పి నా మంచం మీద కూర్చుని నాకన్నా ముందు తనే ఏడ్చింది.

పోయింది. సరే. ఆ నాలుగు పేజీలు నాకు కంఠతా వచ్చు. వాటిని నా నోట్లోంచి ఎవరూ తీసెయ్యలేరు. ఇంకో సినిమాలో, ఇంకో పేరుతో చెప్తాను. చెప్పి తీరతాను.

ఏప్రిల్ 12, శనివారం

పోస్టర్ ఫొటోలు. ఫొటోగ్రాఫర్ నా చేతికి మామిడికాయ ఇచ్చి కొరకమన్నాడు, టీజర్లో లాగా.

"కుదరదు" అన్నాను.

లక్ష్మీప్రసాద్ గారు దూరం నుంచి వచ్చారు. "మీ పండుగ అయిపోయింది గదా, ఇంకేంటి?"

"ఊరికి అయింది సార్. నాకు వచ్చే ఏడాది."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. కాయ తీసి జేబులో వేసుకుని, "దాని చేతికి కొడవలివ్వండి. కొరికే మొహం కాదది ఇప్పుడు" అన్నారు. కొడవలితో తీశారు. ఫొటో చూశాను. బాగుంది. ఆ మొహం నాకు కొత్తగా ఉంది.

సాయంత్రం అయిదింటికి అమ్మ ఫోన్. రెండు రోజుల తర్వాత. బడి దగ్గర గాలి హోరు వినబడుతోంది.  

అమ్మ అడిగింది, "ఏ సెట్టుదే అది?"

"వాగు పక్క పెద్ద చెట్టుదమ్మా."

"పుల్లగుందా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "బాగుందమ్మా. ఉప్పుంటే ఇంకా బాగుణ్ణు."

అమ్మ నవ్వింది. చిన్నగా, ఆపుకోబోయి ఆపుకోలేక. "సిగ్గు నేదు నీకు" అంది.  "పన్లో జాగర్త. వొచ్చే కొత్తకి ఉప్పూ కారం నూరి పెడతాను. ఇద్దరం తిందుము."

పెట్టేసింది. ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాక గాని నాకు వెలగలేదు. ఇద్దరం అంది. పండుగ రోజు ఇంట్లో దేవతకు పెట్టిన కాయలు పళ్లెంలో అలాగే ఉండటం నేను చూశాను. పొయ్యి పక్కనే ఉన్నాయి. అమ్మ కూడా ముట్టలేదు.

రేపు ఆరింటికి మేకప్.